జావా పల్లెల్లో బుద్ధుడు ఊరివాడైన వైనం

నమో బుద్ధాయ, జై భీమ్. వెనక నిలబడ్డ తమ్ముళ్ళు ముందుకు రండి, ఇక్కడ చాపల మీద చోటుంది. నేను మాట్లాడేది కొంచెం పొడుగ్గానే ఉంటుంది.

నన్ను ఇండోనేషియాలో జావా దీవి మీద ఉన్న బొరొబుదూర్ గురించి చెప్పమన్నారు. ఆ స్తూపం ఫొటోలు మీరందరూ చూసే ఉంటారు. కొండ మీద కొండలా లేచిన రాతి కట్టడం, 504 బుద్ధ విగ్రహాలు, 2,672 శిల్ప ఫలకాలు, పైన గంటలు బోర్లించినట్టు చిల్లులున్న 72 చిన్న స్తూపాలు. ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల్లో శైలేంద్ర రాజుల కాలంలో కట్టారు. దాని గురించి ఫోన్ తీస్తే బోలెడంత దొరుకుతుంది. నేను చెప్పాలనుకుంటున్నది మాత్రం దానికి ఉత్తరంగా, తెమంగ్గుంగ్ జిల్లా కొండల్లో చూసిన ఒక బుట్ట గురించి.

ఆ బుట్టను తెనొంగ్ అంటారు. వెదురుతో అల్లిన గుండ్రటి బుట్ట, దానికో మూత. మన పెళ్ళిళ్ళలో సారె తట్ట ఉంటుంది చూశారా, ఇంచుమించు అంత ఉంటుంది. ఉద్యోగం మీద నేను జావాలోని సెమరాంగ్ నగరంలో ఉన్న రోజుల్లో మా ఆఫీసులో పనిచేసే ఒకతను ‘మస్, మా ఊళ్ళో న్యాద్రాన్ ఉంది, వస్తావా’ అని పిలిచాడు. మస్ అంటే అన్న. కలోరాన్ మండలంలో చిన్న ఊరు వాళ్ళది. పొద్దున్నే వెళ్ళాం. కాఫీ తోటల మీద ఇంకా మంచు విడలేదు. సన్నటి సిమెంటు దారి మీద ఆడవాళ్ళు వరసగా తెనొంగ్‌లు నెత్తిన పెట్టుకుని నడుస్తున్నారు, వాళ్ళ వెనక పిల్లలు, కొత్త బట్టల్లో. వాళ్ళు వెళ్తున్నది విహారానికి అనుకున్నాను. కాదు, శ్మశానానికి. న్యాద్రాన్ అంటే పోయిన పెద్దలను తలుచుకునే పండగ.

అక్కడ ముందురోజే సమాధుల చుట్టూ గడ్డి పీకేసి, ఊడ్చి, రాళ్ళు కడిగి ఉంచారు. పూలు చల్లి ఉన్నాయి. సమాధుల పక్కనే పొడవుగా చాపలు పరిచి, మధ్యలో తెనొంగ్‌లన్నీ రైలు పెట్టెల్లా వరస పెట్టారు, ఇటొక వరస, అటొక వరస మనుషులు కూచున్నారు. తలకు బ్లంగ్కోన్ కట్టుకున్న పెద్దాయన జావా భాషలో నాలుగు మాటలు చెప్పాడు, ఈ ఊరికి మొదట వచ్చి అడవి కొట్టి పొలం చేసినవాళ్ళ పేర్లు తలిచాడు. తర్వాత అక్కడి బౌద్ధ పండితుడు, ఆయన్ని రోమో అంటారు, అంటే నాన్నగారు అన్నట్టు, పాళిలో త్రిశరణాలు, తర్వాత పుణ్యం పంచే గాథలు చదివించాడు. ఆ వెంటనే అదే చాప మీద కూచున్న ఒక ముస్లిం పెద్ద అరబీలో దువా చేశాడు. ఎవరూ లేచి పోలేదు, ఎవరూ చెవులు మూసుకోలేదు. ఆ సమాధుల్లో ఉన్నవాళ్ళు అందరికీ తాతలే కదా. అప్పుడు ఒక్కసారిగా మూతలన్నీ తీశారు. అన్నం, సోయాతో చేసి వేయించిన తెంపె, సేమియా కూర, వేరుశెనగల అప్పచ్చులు, అరటిపళ్ళు, కొబ్బరి చల్లిన జిగురుబియ్యం ముద్ద, మన అప్పంలాంటి ఆపెమ్. నా ముందున్న తెనొంగ్ ఎవరిదో నాకు తెలీదు, నా పక్కనున్నాయనకీ తెలీదు. ఒకావిడ మాత్రం దూరంనుంచి నేను తింటున్నానా లేదా అని చూస్తూనే ఉంది. అది ఆవిడ బుట్ట అని తర్వాత తెలిసింది.

దాని మీద ఇంతసేపు ఎందుకు మాట్లాడుతున్నానంటే, ఆ ఊళ్ళో బౌద్ధం నిలబడింది ఆ బుట్ట మీదే అని నా నమ్మకం. విహారం ఉంది, చక్కగా ఉంది, కానీ విహారం ఒక్కటే ఉండుంటే ఈపాటికి తాళం పడేది.

వీళ్ళు ఎవరు, ఎక్కణ్ణుంచి వచ్చిన బౌద్ధులు అన్నది కొంచెం చెప్పాలి, లేకపోతే అర్థం కాదు. మొత్తం ఇండోనేషియాలో బౌద్ధులు నూటికి ఒక్కరు కూడా లేరు. ఉన్నవాళ్ళలో ఎక్కువమంది నగరాల్లో ఉండే చైనా మూలాలవాళ్ళు. మధ్య జావా కొండ పల్లెల్లో, తెమంగ్గుంగ్‌లో, మెర్బాబు కొండ కింద గెతసాన్‌లో, బొయొలాలిలో, జెపారా వైపు ఉన్నవాళ్ళు మాత్రం అచ్చమైన జావా రైతులు. చిన్న కమతాలు, కాఫీ, పొగాకు, మేకలు. మాజాపాహిత్ అనే పాత హిందూ బౌద్ధ రాజ్యం పడిపోయాక అక్కడ బౌద్ధ సంఘం అంటూ మిగల్లేదు. భిక్షువులు లేరు, విహారాలు లేవు. కానీ ఒక మాట మిగిలింది. ఇస్లాం రాకముందటి కాలాన్నంతా జావావాళ్ళు ‘జమాన్ బుద’ అంటారు, బుద్ధుడి కాలం అని. అందులో శివుడూ ఉన్నాడు, కొండ దేవతలూ ఉన్నారు, అన్నిటినీ కలిపి అలాగే పిలిచారు. ఆకారం పోయినా పేరు ఊరి నోట్లో ఉండిపోయింది.

1934లో సింహళం నుంచి నారద థేరో అనే భిక్షువు వచ్చి బొరొబుదూర్ దగ్గర బోధి మొక్క నాటారు. 1953లో, బోగోర్‌లో ఒక చైనా కుటుంబంలో పుట్టిన యువకుడు అదే బొరొబుదూర్ దగ్గర వైశాఖ పూర్ణిమను పెద్దఎత్తున జరిపించాడు. మరుసటి ఏడు బర్మాలో భిక్షువయ్యాడు. ఆయనే ఆషిన్ జినరక్ఖిత. ఊరూరూ తిరిగిన మనిషి. ఇండోనేషియా బౌద్ధం ఇండోనేషియా మట్టిలోంచే మొలవాలి, వేరే దేశం బౌద్ధాన్ని కుండీతో సహా తెచ్చి పెట్టకూడదు అన్నదే ఆయన పట్టు.

తర్వాత 1965 వచ్చింది. ఆ మారణకాండ గురించి మీకు తెలిసే ఉంటుంది, కమ్యూనిస్టులన్న ముద్ర వేసి లక్షలమందిని చంపారు. ఆ తర్వాత ఏ మతమూ లేదు అంటే అనుమానమే. బడిలో మతం పాఠం తప్పనిసరి, గుర్తింపు కార్డులో మతం రాయాలి. పేరుకి ముస్లింలుగా ఉంటూ పాత ఆచారాలే పాటించుకునే పల్లెజనం చాలామంది అప్పుడు ఏదో ఒకటి ఎంచుకోవాల్సి వచ్చింది. కొన్ని ఊళ్ళు ‘మా తాతలది బుద మతమే కదా’ అనుకున్నాయి. దీనికి తోడు సబ్దో పాలోన్ కథ ఒకటి ప్రచారంలో ఉండేది. మాజాపాహిత్ చివరి రాజు మతం మారితే, ఆయన సేవకుడు సబ్దో పాలోన్ ఒప్పుకోక, ఐదొందల ఏళ్ళకు మళ్ళీ వస్తానని చెప్పి మాయమయ్యాడట. సంప్రదాయం లెక్కలో ఆ రాజ్యం పడిపోయింది 1478లో. ఐదొందలు కలుపుకోండి. 1970ల్లో ఒక జావా రైతుకు ఆ లెక్క ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. చరిత్రగా అది నిలవదు, కాగితం మీదికి వచ్చిందే 19వ శతాబ్దంలో. కానీ మనుషులు దాన్ని నమ్మి అడుగు వేశారు.

అంటే వీళ్ళలో చాలామంది భయంతో వచ్చారు, కొందరు జ్ఞాపకంతో వచ్చారు, కొద్దిమంది ధమ్మం చదివి వచ్చారు. ఇలా చెప్పడంలో వాళ్ళను తక్కువ చెయ్యడమేమీ లేదు. వచ్చాక ఎలా నిలిచారు అన్నదే నాకు ముఖ్యం. భయం తీరిపోయాక వెనక్కి పోవచ్చు కదా. చాలా ఊళ్ళు పోయాయి కూడా. పోని ఊళ్ళలో ఏముందని చూస్తే, అక్కడ ధమ్మం వంటింట్లోకి, పురిటిగదిలోకి, శ్మశానంలోకి వెళ్ళింది.

న్యాద్రాన్ అన్న మాట దగ్గరే కాసేపు ఆగుదాం. సద్రన్, న్యాద్రాన్. చాలామంది పండితులు దీన్ని శ్రాద్ధంతో ముడిపెడతారు. ఊరికే శబ్దం కలిసిందని కాదు. మాజాపాహిత్ కాలపు నగరకృతాగమ అనే కావ్యం 1365లో రాసింది, రాసిన ప్రపంచుడు ఆ రాజ్యంలో బౌద్ధ వ్యవహారాలు చూసే అధికారి. అందులో 1362లో జరిగిన ఒక శ్రాద్ధం గురించి వివరంగా ఉంది. హయమ్ వురుక్ రాజు అమ్మమ్మ గాయత్రి రాజపత్ని, చివరి రోజుల్లో బౌద్ధ భిక్షుణిగా బతికిన ఆవిడ, ఆవిడ పోయిన పన్నెండేళ్ళకు జరిపిన తంతు అది. రోజుల తరబడి జరిగింది. జరిపించింది బౌద్ధ ఆచార్యులు, చివర్లో జనానికి అన్నాలు, ఆటపాటలు. ఆరొందల అరవై ఏళ్ళ కిందటి రాజు ఇంటి తంతు, ఇవాళ కలోరాన్ కొండ మీద వెదురు బుట్టల్లో ఉంది అనుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అందుకే ‘స్థానిక సంస్కృతిని బౌద్ధంలో కలిపేశారు, కల్తీ చేశారు’ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కలపడానికి బయటనుంచి తెచ్చిందేమీ లేదు. మూసుకుపోయిన బావిలో పూడిక తీశారంతే.

బుద్ధుడు దీన్ని ఒప్పుకుంటాడా అని నన్ను మనవాళ్ళే అడిగారు. మహాపరినిబ్బాన సుత్తం మొదట్లోనే ఉంది చూడండి. మగధ రాజు అజాతశత్రువు పొరుగు గణరాజ్యం వజ్జీల మీద దండెత్తాలనుకుని మంత్రి వస్సకారుణ్ణి బుద్ధుడి దగ్గరికి పంపుతాడు. బుద్ధుడు ఆ మంత్రికి సూటిగా జవాబు చెప్పడు, వెనక నిలబడి విసురుతున్న ఆనందుణ్ణి ఏడు ప్రశ్నలు అడుగుతాడు. వజ్జీలు తరచూ కూడుకుంటున్నారా, కలిసి కూచుని కలిసి లేస్తున్నారా, పెద్దలను గౌరవిస్తున్నారా, ఇలా. అందులో ఒకటి, తమ చైత్యాలను, అంటే పూజాస్థలాలను, ఊరి లోపలివీ బయటివీ, గౌరవిస్తూ, ఇంతకుముందు ఇస్తూ వచ్చిన ధర్మబద్ధమైన నైవేద్యాలను మానెయ్యకుండా ఉన్నారా అని. ఉన్నంతకాలం వాళ్ళకు వృద్ధే తప్ప క్షీణం లేదంటాడు. ఆ చైత్యాలు బుద్ధుడివి కావు, వజ్జీల పాత చైత్యాలు. ఇక్కడ ఒక మాట గట్టిగా పట్టుకోవాలి, ‘ధమ్మికం’. ధర్మబద్ధమైనది. పాతదల్లా నిలుపుకోమనలేదు ఆయన. జల్లెడ చేతికిచ్చాడు.

జావా పల్లెల్లో ఆ జల్లెడ ఎలా ఆడుతోందో నేను చూసినంతలో చెప్తాను.

వాళ్ళకు ఏడు రోజుల వారంతో పాటు ఐదు రోజుల వారం ఇంకోటి ఉంది. లెగి, పహింగ్, పోన్, వగె, క్లివోన్. రెండూ కలిసి తిరిగితే ముప్ఫయ్యైదు రోజులకు ఒక చుట్టు, దాన్ని సెలాపాన్ అంటారు. సంతలు దాన్ని బట్టే పడేవి, పుట్టినరోజు దాన్ని బట్టే, మంచిచెడ్డలు దాన్ని బట్టే. నేను వెళ్ళిన ఊళ్ళో బౌద్ధులు ఇంటింటి పూజను ఈ లెక్కకే కట్టారు. ఈ రాత్రి ఒకరింట్లో, తర్వాతి వంతు పక్కింట్లో. విహారానికి రాలేని ముసలావిడ ఇంటికి ఏడాదిలో ఒకసారైనా ఊరంతా వస్తుంది. ఆ రోజు ఆవిడ కొడుకు సెమరాంగ్ నుంచి సెలవు పెట్టుకుని వస్తాడు, రాకపోతే బాగుండదు కదా, ఇంటికి జనం వస్తుంటే. పంచాంగంలో కొత్త రోజు పెట్టి రమ్మంటే ఎవరొస్తారు? ఎప్పణ్ణుంచో మనుషులు లెక్కపెట్టుకునే రోజులోకే పూజ వచ్చి కూచుంది.

ఆ పూజలో ఒక రాత్రి నేనూ ఉన్నాను. ముందు గదిలో సోఫాలు బయట పెట్టేసి చాపలు పరిచారు. బుద్ధుడి చిన్న విగ్రహం, కొవ్వొత్తులు, ఒక గ్లాసులో నీళ్ళు, మల్లెపూలు. పాళి పఠనం అయ్యింది, పిల్లలు గడగడా చదివేశారు. కాసేపు మౌనం. ఆ తర్వాత రోమో మాట్లాడింది క్రమ జావాలో. జావా భాషలో మర్యాదకు అంతస్తులుంటాయి, పెద్దవాళ్ళతో మాట్లాడేది క్రమ, తోటివాళ్ళతో ఙొకొ. మనకు మీరు, నువ్వు తేడా ఉన్నట్టే, కానీ వాళ్ళకు దాదాపు ప్రతి మాటా మారిపోతుంది. ఆయన ఇండోనేషియన్‌లో చెప్పొచ్చు, అందరికీ వచ్చు. కానీ ఆ భాషలో చెబితే ముసలివాళ్ళకు కలెక్టరాఫీసు నోటీసు చదివినట్టుంటుంది. క్రమలో చెబితే ఇంటి పెద్ద చెప్పినట్టుంటుంది. తన మాటలను వేదఛందస్సులోకి ఎక్కిస్తామన్న శిష్యులను బుద్ధుడు వారించిన కథ వినయపిటకంలో ఉంది. ఆ గదిలో నాకు అదే గుర్తొచ్చింది.

చివర్లో ఒక మ్బా, అంటే అవ్వ, గొంతు సవరించుకుని పాడింది. మచపత్ పద్యం. మన ఆటవెలది, తేటగీతి, సీసం లాగా వాళ్ళకు పదకొండు మచపత్ ఛందస్సులున్నాయి, వాటిని మనిషి బతుకు దశలతో ముడిపెట్టి చెప్పుకుంటారు. మిజిల్ అంటే పుట్టడం, సినోమ్ అంటే లేత వయసు, అస్మరదన ప్రేమ, మెగత్రు ప్రాణం విడిపోవడం, పొచుంగ్ పీనుగుకు చుట్టే గుడ్డ. ఏ పాదంలో ఎన్ని అక్షరాలు, ఏ అచ్చుతో ముగియాలి అన్నదీ కచ్చితంగా ఉంటుంది. పొచుంగ్‌కి నాలుగు పాదాలు, మొదటిది పన్నెండు అక్షరాలు, ఉకారంతో ముగియాలి. ఆ అవ్వ పాడింది పొచుంగ్‌లో, అనిత్యం గురించి. చావు గుడ్డ పేరున్న ఛందస్సులో అనిత్యం! ఎవరూ ఆమెకు ఆ జోడీ నేర్పి ఉండరు. వేమన పద్యం మన అమ్మమ్మల నోట్లో ఎలా ఉంటుందో అలా ఉంది. నేను ఫోన్ తీసి రికార్డు చేద్దామనుకుని మళ్ళీ జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడు అనిపిస్తుంది చేసుంటే బాగుండేదని.

ఏడో నెల కడుపుతో ఉన్న ఆడపిల్లకు మితొని అని చేస్తారు, మన సీమంతమే. ఏడు చోట్ల నుంచి తెచ్చిన నీళ్ళు, పూల రేకలు, కొబ్బరిచిప్ప గరిటెతో పెద్దవాళ్ళు ఒక్కొక్కరే నీళ్ళు పోస్తారు. లేత కొబ్బరిబోండాల మీద కామజయుడు, రతి బొమ్మలు గీస్తారు. బౌద్ధ కుటుంబం ఈ తంతు మానలేదు. అందులో అంగులిమాల పరిత్త అనే రక్ష పాఠం చేర్చుకుంది. కథ తెలుసు కదా, వేళ్ళ దండ వేసుకున్న హంతకుడు భిక్షువయ్యాక, పురిటినొప్పులతో అల్లాడుతున్న స్త్రీని చూసి కరిగిపోతాడు. ‘అమ్మా, ఆర్యజన్మలో పుట్టినప్పటి నుంచి నేను తెలిసి ఏ ప్రాణమూ తీయలేదు, ఈ సత్యం వల్ల నీకు, నీ గర్భానికి మేలు జరగాలి’ అంటాడు. ఆ మాటలు ఆ అమ్మాయి తల మీద నీళ్ళు పడుతుండగా చదువుతారు. చుట్టూ నిలబడ్డవాళ్ళలో పక్కింటి ముస్లిం ఆడవాళ్ళున్నారు, వాళ్ళూ నీళ్ళు పోశారు. ధమ్మం గురించి ఆ అమ్మాయికి పది ఉపన్యాసాలు ఇచ్చినా ఈ ఒక్క పొద్దు ఇచ్చినంత ఇవ్వలేం, నా మాట నమ్మండి.

గమెలాన్ గురించి కొంచెం. కంచు వాయిద్యాల మేళం అది. ఆ విహారం పక్క రేకుల షెడ్డులో పదో తరగతి, ఇంటర్ పిల్లలు సాయంత్రాలు నేర్చుకుంటున్నారు. ఒక కుర్రాడు ఆలస్యంగా వచ్చి, తన సారోన్ దగ్గరికి పోవడానికి మధ్యలో ఉన్న వాయిద్యం మీదుగా దాటలేదు. చెప్పులు విడిచి, చుట్టూ తిరిగి, వంగి వెళ్ళి కూచున్నాడు. వాయిద్యాన్ని దాటకూడదు, అది అక్కడి మర్యాద. ఆ మేళంలో ఒక్కడు గొప్పగా వాయిస్తే పని జరగదు. ఒకడు కొట్టిన దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీలో ఇంకొకడు కొట్టాలి. పక్కవాణ్ణి వినకపోతే పాట ఉండదు. వాళ్ళ గురువు ‘ఇది సతి సాధనే’ అన్నాడు, సతి అంటే పాళిలో ఎరుక. నాకు అది అతిశయోక్తిగా అనిపించలేదు.

తోలుబొమ్మలాట కూడా ఉంది వాళ్ళకు, వాయాంగ్ కులిత్. మనకు కేతిగాడు, బంగారక్క ఉన్నట్టు వాళ్ళకు సెమార్, అతని కొడుకులు. అర్జునుడికి బుద్ధి చెప్పేది లావుపాటి సేవకుడు సెమార్. 14వ శతాబ్దంలో మ్పు తంతులర్ రాసిన సూతసోమ కావ్యం, నరమాంసం తినే రాజుకు తన్ను తాను అర్పించుకోబోయిన బోధిసత్వుడి కథ. దాన్ని తీసుకుని 1970ల్లో సోలో నగరంలో వాయాంగ్ బుద్ధ అని కొత్త రూపం కూడా కట్టారు. ఇండోనేషియా జాతీయ నినాదం ‘భిన్నేక తుంగల్ ఇక’ ఆ కావ్యంలోదే. శివ తత్వం, బుద్ధ తత్వం వేరుగా కనబడినా ఒకటే, ధర్మంలో రెండు లేవు అన్న పద్యం అది. వాళ్ళ రూపాయి నోటు మీద ఉండే మాట ఒక బౌద్ధ కావ్యం నుంచి వచ్చిందని అక్కడి బౌద్ధ పిల్లలకు చెప్పినప్పుడు వాళ్ళ ముఖాలు చూడాలి. బొయొలాలిలో బౌద్ధ టీచర్లను తయారుచేసే కళాశాలకు స్మరతుంగ్గ అని, వొనొగిరిలోని దానికి రాదెన్ విజయ అని పేర్లు పెట్టుకున్నారు, ఇద్దరూ జావా రాజులే. మేం బయటివాళ్ళం కాదు, ఈ నేల మాది అని చెప్పుకోవడం అది. నూటికి ఒక్కరు కూడా లేని చోట అది ఎంత అవసరమో మనకు వేరే చెప్పక్కర్లేదు.

బాధపెట్టిన విషయాలూ చెప్పాలి. పిల్లలు ఊళ్ళో ఉండటం లేదు. సెమరాంగ్, జకార్తా ఫ్యాక్టరీలకు పోతున్నారు. అక్కడ వేరే మతం వాళ్ళను ఇష్టపడతారు, ఇండోనేషియాలో 1974 వివాహ చట్టం ప్రకారం పెళ్ళి మతం ప్రకారం జరగాలి, రెండు మతాల పెళ్ళి దాదాపు కుదరదు, అప్పుడు ఎవరో ఒకరు మారాలి. ఎవరు మారతారు? తక్కువమంది ఉన్నవాళ్ళే. ఒక తల్లి నాతో ‘ముగ్గురు పిల్లల్లో ఒకడే మిగిలాడు, కానీ న్యాద్రాన్‌కి ముగ్గురూ వస్తారు’ అంది. ఆవిడ ఏడవలేదు. నాకే గొంతు పట్టేసింది.

ఆడవాళ్ళ చాకిరీ ఇంకోటి. ఎవరింట్లో ఏది జరిగినా ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చి వంట సాయం చేస్తారు, రెవాంగ్ అంటారు. ఆ కలివిడి చాలా గొప్పది, కానీ ముందు గదిలో ధమ్మం చెబుతుంటే వినాల్సినవాళ్ళు వెనక పొయ్యి ఊదుతున్నారు. ఇది నాకు నచ్చలేదు, రోమోతోనే అన్నాను. ఆయన కాదనలేదు. కొన్నిసార్లు వంట ముందే ముగించి అందరూ కూచునేలా మొదలుపెట్టామన్నాడు. స్లామెతాన్ అనే ఊరుమ్మడి విందులో నిండు కోడిని పెట్టడం కూడా అంతే, ప్రాణం తీసిన పళ్ళెం బుద్ధుడి ముందు ఎలా అన్న చర్చ నడుస్తోంది, నేను వెళ్ళిన ఇంట్లో కోడి బదులు టోఫు, గుడ్లు పెట్టారు, పక్కింట్లో కోడే ఉంది. జల్లెడ ఒక్కరోజులో ఆడదు.

బొరొబుదూర్ వైశాఖం ఎలా ఉంటుందో కూడా చూశాను. జుంప్రిత్ ఊట నుంచి తెచ్చిన నీళ్ళు, మ్రపెన్ నుంచి తెచ్చిన నిప్పు, మెందుత్ గుడి నుంచి పావోన్ మీదుగా నడక, చాలా అందం. రాత్రి ఆకాశంలోకి వదిలే లాంతర్లకు మాత్రం టికెట్. కలోరాన్ నుంచి వచ్చిన ఒక కుటుంబం గేటు బయట గడ్డిలో కూచుని పైకి చూస్తోంది. సంస్కృతి చూడటానికి వచ్చేవాళ్ళ కోసం అయిపోతే ఇలాగే ఉంటుంది. అదే మెర్బాబు వాలులో తెకెలాన్ అనే ఊరుంది. రంజాన్ పండగ నమాజు అయిపోయి బయటికొచ్చేసరికి బౌద్ధులు, క్రైస్తవులు మసీదు ముందు వరసగా నిలబడి ఒక్కొక్కరికీ చేయి కలుపుతారు. వైశాఖ పూర్ణిమకు విహారం ముందు ముస్లింలు నిలబడతారు. దానికి టికెట్ లేదు.

మనతో వాళ్ళకు సంబంధం ఉందా అంటే, ఉంది. ‘కవి’ అనే జావా పాత లిపి పల్లవ లిపి నుంచి వచ్చింది. పశ్చిమ సులవేసిలో సికెందెంగ్ దగ్గర 1921లో దొరికిన కంచు బుద్ధుణ్ణి అమరావతి శైలి అంటారు. కృష్ణ ఒడ్డున పుట్టిన ఆ చీర మడతలాంటి చీవరం, అంటే భిక్షువు వస్త్రం, సముద్రం దాటి వెళ్ళింది. ఇక్కడ స్తూపం మాత్రం మిగిలింది, చుట్టూ ఊరు మిగల్లేదు. అక్కడా అంతే అయ్యింది, కానీ వాళ్ళు ఊరితో మళ్ళీ మొదలుపెట్టారు. మనం 1956లో బాబాసాహెబ్ అంబేడ్కర్ బౌద్ధం తీసుకున్నాక పుస్తకంతో, విగ్రహంతో మొదలుపెట్టాం. రెండూ కావాలి.

ఇక్కడ ముందు వరసలో అన్న చేయి ఎత్తాడు, అడుగన్నా.

సరే, మైకులో వినబడని వాళ్ళ కోసం చెప్తున్నా. అన్న అడిగింది, బాబాసాహెబ్ ఇరవై రెండు ప్రతిజ్ఞల్లో శ్రాద్ధం పెట్టను, పిండదానం చెయ్యను అని స్పష్టంగా ఉంది కదా, నువ్వు ఇంతసేపూ శ్రాద్ధాన్నే పొగిడావు, ఇదేం న్యాయం అని.

అడగాల్సిన ప్రశ్నే. నేనూ ఆ ప్రతిజ్ఞ తీసుకున్నవాణ్ణే, దాటను. బాబాసాహెబ్ వద్దన్నది దేన్ని? పైన ఒక కులం కూచుని, మన చచ్చిపోయినవాళ్ళకు దారి మా చేతిలో ఉంది, బియ్యం తెండి, డబ్బులు తెండి అనే ఏర్పాటును. కలోరాన్‌లో నేను చూసిన దానిలో పురోహితుడు లేడు, పిండం లేదు, మడి లేదు, దక్షిణ లేదు. ఎవరి బుట్టలోది ఎవరు తింటున్నారో తెలీదు. మాట ఒకటే వేరునుంచి వచ్చి ఉండొచ్చు, చెట్టు వేరు. సిగాలోవాద సుత్తంలో పిల్లలు తల్లిదండ్రులకు చెయ్యాల్సిన ఐదు పనుల్లో, పోయినవాళ్ళ పేరు మీద దానం ఇవ్వడం ఒకటి అని బుద్ధుడే చెప్పాడు. వద్దన్నది వదిలేశాం, మంచిది. వదిలేసిన చోట ఏం పెట్టాం? చాలా ఇళ్ళలో ఏమీ పెట్టలేదు. ఆ ఖాళీలోకి మెల్లగా పాత పంతులే మళ్ళీ వస్తున్నాడు, మీరు చూడట్లేదా? కరీంనగర్‌లో కార్ఖానాగడ్డ శ్మశానంలో దీపావళి నాడు మన దళిత కుటుంబాలు సమాధులు కడిగి, రంగులు వేసి, పూలు పెట్టి, దీపాలు వెలిగించి, పెద్దలకు ఇష్టమైనవి వండి తెచ్చుకుంటారు. ఎవరు నేర్పారు? అది మనదే. ఆ దీపాల మధ్య కూచుని నలుగురం త్రిశరణం చెప్పుకుంటే ఏ ప్రతిజ్ఞ దాటినట్టు?

మా నాన్న పోయి ఏడాదైన రోజు మా ఇంట్లో ఏం చెయ్యాలో తెలీక రెండు రోజులు గొడవ పడ్డాం. అమ్మకు ఏదో ఒకటి చెయ్యాలి, తమ్ముడు ఏమీ వద్దంటాడు. చివరికి నాన్న నాటిన వేపచెట్టు కింద చాపలు పరిచాం. ఎవరింట్లో వండింది వాళ్ళు తెమ్మన్నాం. మా వీధివాళ్ళు, నాన్నతో పనిచేసినవాళ్ళు, దర్గా పక్కన టీ కొట్టు చాచా, హాస్టల్ పిల్లలు పదిహేనుమంది. త్రిశరణం, పంచశీల చెప్పుకున్నాం, తమ్ముడు నాన్న గురించి ఐదు నిమిషాలు మాట్లాడాడు, ఇంట్లో ఎప్పుడూ మాట్లాడని వాడు. గిన్నెలన్నీ మధ్యలో పెట్టి మూతలు తీశాం. అమ్మ తన గిన్నెలోది ఎవరు తింటున్నారా అని చూస్తూ కూచుంది. చాచా రెండోసారి పెట్టించుకున్నాడు.